రెండు పుంజులూ ఒక్క ఆసామివే

మా బాబాయి విజయవాడ ఏలూరు రోడ్డులో ఇరవై ఏళ్ళు క్యాసెట్ల షాపు నడిపాడు. సీడీలొచ్చి, వాటి వెనకే సెల్‌ఫోన్లలో పాటలెక్కించే కుర్రాళ్ళొచ్చాక మూసేశాడు. నిరుడు నవంబరులో న్యూజెర్సీకి, ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చాడు. ఒక ఆదివారం పొద్దున ఆయన్ని కారెక్కించుకుని న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి బయల్దేరాను. సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు ఇల్లు హిప్ హాప్ పుట్టిల్లు అంటారు. చూస్తానని ఆయన అడగలేదు. చూపించాలని నాకే ఉంది, ఎందుకంటే ఈ పాటల పిచ్చి నాకు అంటుకుంది ఆయన షాపు బల్ల దగ్గరే. ముందు బాబా సెహగల్ 'ఠండా ఠండా పానీ', రెండేళ్ళకి 'ప్రేమికుడు'లో పేట ర్యాప్, ఆ తర్వాత ఎవరో ఇంజనీరింగు కుర్రాడు కాపీ చేయించుకోవడానికి తెచ్చిన అమెరికా క్యాసెట్టు. దాన్ని టేపు సాగిపోయేదాకా విన్నాను.

బాబాయికి మాత్రం ర్యాప్ అంటే కంపెనీవాళ్ళు జనం నెత్తిన రుద్దిన సరుకు. ఆ మాట ఆయన ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాడు. దారంతా వాదించుకున్నాం. ఇంటికొచ్చాక గుర్తున్నంత వరకూ రాసి పెట్టుకున్నాను, నాకు జవాబు తట్టని చోట్లతో సహా.

టర్న్‌పైక్ ఎక్కగానే కారులో పాట మొదలైంది.

బాబాయి: గ్రామీలు అన్నేసి కొట్టిందన్నావే, ఆ పాటేనా ఇది?

నేను: ఇదే. కెండ్రిక్ లమార్ 'నాట్ లైక్ అస్'. డ్రేక్ అని ఇంకో పెద్ద ర్యాపర్ ఉన్నాడు, అతని మీద తిట్టు పాట. 2024 మేలో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఐదు గ్రామీలకి ఐదూ పట్టుకొచ్చింది. వారం తిరిగేసరికి సూపర్ బౌల్ ఆట మధ్యలో దేశమంతా చూస్తుండగా పాడాడు.

బాబాయి: ఊపుంది, కాదనను. కానీ తిట్లు తిన్నాయన కోర్టుకెళ్ళాడట కదా, కంపెనీయే ఈ పాటని ఎగదోసిందని?

నేను: వెళ్ళాడు. బాట్లు పెట్టి లెక్క పెంచారని, డబ్బులిచ్చి వేయించారని 2024 నవంబరులో పిటిషన్ వేశాడు. కంపెనీ అదంతా అబద్ధమంది. రెండు నెలలకి ఆ పిటిషన్ తనే వెనక్కి తీసుకుని పరువునష్టం దావా వేశాడు. ర్యాపర్లు పోటీ పడి తిట్టుకునే పాటలో మాటని ఎవరూ రుజువైన నిజంగా తీసుకోరు, అది అభిప్రాయం కిందకే వస్తుందని 2025 అక్టోబరులో జడ్జి కొట్టేశారు.

బాబాయి: సరే, కోర్టు సంగతి అలా ఉంచు. తిట్టినవాడిది ఏ కంపెనీ? తిట్లు తిన్నవాడిది ఏ కంపెనీ?

నేను: ఇద్దరిదీ యూనివర్సల్ మ్యూజిక్కే. లోపల లేబుళ్ళు వేరు.

బాబాయి: అదీ సంగతి! భీమవరం బరిలో రెండు పుంజులూ ఒక్క ఆసామివే అయితే, ఏది గెలిస్తే ఆయనకేం? పందెం కాసినవాళ్ళు ఒళ్ళు మరిచి అరుస్తుంటారు. బరి ఆయనది, పుంజులాయనవి, చుట్టూ కట్టిన తడకలు కూడా ఆయనవే. అరిచినవాళ్ళ గొంతుల్ని చూపించి ఇది జనాదరణ అంటావు నువ్వు.

ఈ పోలిక నన్ను కాసేపు కట్టేసింది. మైలు దూరం నడిపాక గానీ అందులో ఉన్న కంత కనిపించలేదు.

నేను: బాబాయ్, ఆసామికి ఏది గెలిచినా ఒకటే అన్నావు. మరి ఈ పుంజే ఎందుకు గెలిచింది? డ్రేక్ ఏమీ దిక్కులేనివాడు కాదు. 2018లో అతని 'స్కార్పియన్' వచ్చిన రోజున స్పాటిఫైలో ఏ పాటల లిస్టు తెరిచినా అతని బొమ్మే. అతని పాటతో సంబంధం లేని లిస్టుల మీద కూడా పెట్టారు. నెలనెలా డబ్బు కట్టేవాళ్ళు మాకీ ప్రకటనలేంటని గొడవ పడ్డారు. అంత మోసిన మనిషిని ఈ పోటీలో ఎవరూ లేపలేకపోయారే! 2024 మే మొదటివారంలో ఇద్దరూ గంటల తేడాతో పాట మీద పాట వదిలారు. జనం రెండు పక్కలా విన్నారు. విని ఒక పక్కకి వెళ్ళారు. జూన్ 19న లాస్ ఏంజెలిస్ దగ్గర కచేరీలో కెండ్రిక్ ఇదే పాటని వరసగా ఐదుసార్లు పాడాడు. ఐదోసారి కూడా హాలంతా అతనితో పాడుతోంది. కంపెనీ పాటని చెవి దాకా తేగలదు. ఐదోసారి గొంతెత్తి పాడించగలదా?

బాబాయి: చెవి దాకా తేవడం అంత చిన్న సంగతి అనుకుంటున్నావు. మా షాపు బయట చూరుకి సౌండు బాక్సు వేలాడేది, గుర్తుందా?

నేను: వానొస్తే గోనెపట్టా కప్పేవాడివి.

బాబాయి: ఆ బాక్సే నా వ్యాపారం. బస్సు కోసం నిలబడ్డవాడు, పక్క కొట్లో టీ తాగేవాడు, కాలేజీ పిల్లలు, వీళ్ళెవరూ పాట కోసం వచ్చినవాళ్ళు కాదు. ఒకటే పాట రోజుకి పదిసార్లు చెవిన పడితే నాలుగో రోజు లోపలికొచ్చి, "బయట వేస్తున్నారు, ఆ పాటేంటండీ" అని అడిగేవాళ్ళు. క్యాసెట్టు తీసి చేతిలో పెట్టేవాణ్ణి. కంపెనీ మనిషి ఈ కిటుకు నాకంటే ముందే పట్టాడు. "డబ్బాకి రెండు పీసులు ఊరికే ఇస్తాను, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మా పాటలే వెయ్యి" అన్నాడు. వేశాను. ఆ వేళల్లో వేరే పాట వేస్తే, అటువైపు వచ్చినప్పుడు బాక్సు కేసి చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. తర్వాతి డబ్బాలో రెండు పీసులు ఉండేవి కాదు. అల్మరాలో మంచి పాటలు లేక కాదు తల్లీ. ఉన్నాయి. వాటికి బాక్సు లేదు, అంతే. మీ అమెరికాలో ఇలాంటివి ఉండవా?

ఉండవని చెప్పి తప్పించుకోవచ్చు. ఆయనకి ఎలా తెలుస్తుంది? కానీ ఆయన తన తప్పు తానే నోరారా చెప్పుకుంటున్నప్పుడు నేను దాచడం ధర్మం కాదనిపించింది.

నేను: ఉంటాయి. ఇక్కడ దానికి పేరు కూడా ఉంది, పేయోలా అంటారు. 1960 లోనే అమెరికా పార్లమెంటు దాని మీద విచారణ జరిపింది. అయినా పోలేదు. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ తవ్వితే, 2005లో సోనీ బీఎంజీ కోటి డాలర్లు కట్టి బయటపడింది. వార్నర్ 50 లక్షలు, ఆ తర్వాతి ఏడు యూనివర్సల్ కోటీ ఇరవై లక్షలు. రేడియోవాళ్ళకి టూర్లు, బహుమతులు, పోటీల పేరుతో ఇచ్చిన సొమ్ములు, అన్నీ బయటికొచ్చాయి. హిప్ హాప్ ఒక్కదానికే కాదు, అన్నిరకాల పాటలకీ. ఇంకోటి కూడా చెప్తాను. 1996 దాకా ఇక్కడ ఒక్క కంపెనీకి దేశం మొత్తం మీద 40 రేడియో స్టేషన్లకి మించి ఉండకూడదు. ఆ ఏడు చట్టం మార్చి హద్దు ఎత్తేశారు. క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతికి 1,200 పైచిలుకు స్టేషన్లొచ్చాయి.

బాబాయి: పన్నెండు వందల సౌండు బాక్సులు, స్విచ్చి ఒకడి చేతిలో! ఇంక టాలెంటు ఎక్కడిది? వందమంది పాడేవాళ్ళలో నలుగురి పాటే బాక్సు దాకా వస్తుంది. ఆ నలుగురూ బాగా పాడుతున్నారని మీరు మురిసిపోతారు. నిజమే, బాగానే పాడతారు. తొంభై ఆరుగురి సంగతి ఎవరడిగారు?

నేను: అదే బాక్సులో వేసి వేసి నువ్వు అమ్మలేకపోయినవి లేవా?

బాబాయి: ఎందుకు లేవు? అటక మీద ఇప్పటికీ రెండు పెట్టెలున్నాయి. పెద్ద హీరో సినిమా, పెద్ద సంగీత దర్శకుడు. నెల్లాళ్ళు మోగించాం. చివరికి ఆ క్యాసెట్లలోనే వేరే పాటలెక్కించి ఇచ్చాను.

నేను: బాక్సులో వేయకుండానే పోయినవి?

బాబాయి: గద్దర్ పాటలు. కంపెనీ మనిషి తెచ్చేవాడా, పేపర్లో ప్రకటనా? చేతుల మీద తిరిగిపోయేవి ఊరూరా. బయట వేయడానికే భయపడే రోజులవి. ఇది నువ్వు నా నోటితో చెప్పించావు, సరే. కానీ ఒక్క గద్దర్ని చూపించి బాక్సే లేదంటే ఒప్పుకోను.

అప్పటికి ఇంగిల్‌వుడ్ బోర్డు కనిపించింది. కారు ఆపలేదు గానీ, కథ చెప్పకుండా దాటలేకపోయాను. ర్యాప్ మొదటి పెద్ద హిట్టు వండింది ఈ ఊళ్ళోనే.

నేను: ఈ ఊళ్ళో సిల్వియా రాబిన్సన్ అని ఒకావిడ ఉండేది. గాయని, షుగర్ హిల్ అని సొంత కంపెనీ. న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక పార్టీలో మైకు పట్టుకుని మాటలు అల్లుతుంటే చూసింది. దీన్ని రికార్డు చేయాలనుకుంది. పేరున్న బ్రాంక్స్ జట్లేవీ దొరకలేదు. ఇక్కడే పిజ్జా కొట్లో పనిచేస్తూ ర్యాప్ పాడుకుంటున్న హ్యాంక్ అనే కుర్రాడు దొరికాడు. ఇంకో ఇద్దర్ని కలిపి జట్టు కట్టి, 1979లో 'ర్యాపర్స్ డిలైట్' తెచ్చింది. హ్యాంక్‌కి సొంత మాటలు లేవు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే స్నేహితుడి దగ్గర పద్యాల నోటుపుస్తకం తీసుకుని అదే పాడేశాడు. ఎంత మక్కీకి మక్కీ అంటే, కాజ్ తన పేరుని అక్షరం అక్షరం విడగొట్టి చెప్పుకున్న చోటు కూడా అలాగే ఉంది ఆ రికార్డులో. పాట మీద కాజ్ పేరు లేదు, అతనికి పైసా రాలేదు.

బాబాయి: చూశావా! మొదటి హిట్టే కంపెనీ కట్టిన జట్టు, ఎత్తుకొచ్చిన మాటలు. దొంగతనం. నా వాదన నువ్వే నెగ్గించావు.

నేను: కాదు బాబాయ్, నిదానంగా ఆలోచించు. పాడినవాడు పిజ్జా కొట్టు కుర్రాడే, కంపెనీ సిల్వియాదే. కానీ జనం నోటికొచ్చింది ఎవరి మాటలు? కాజ్‌వి. ముఖం మారింది, జట్టు మారింది, అయినా పని చేసింది అతని పద్యమే. దొంగ ఎప్పుడూ ఖరీదైన వస్తువు మీదే కదా చెయ్యేస్తాడు.

బాబాయి: వస్తువు ఖరీదైందని నేనూ అంటాను. ఖరీదు ఎవరి జేబులో పడిందని నా ప్రశ్న. కాజ్ పేరు నువ్వు చెప్పేదాకా నేను వినలేదు. జనాదరణ అంటే ఏమిటి మరి? పాట పేరు పదిమందికీ తెలియడమా, పాట రాసినవాడి పేరు తెలియడమా?

నేను: ఈ సిల్వియా గురించే ఇంకోటుంది, ఇది పూర్తిగా నీ పక్క. 1982లో 'ది మెసేజ్' అనే పాట వచ్చింది. అప్పటిదాకా పార్టీ పాటలే. పగిలిన గాజుపెంకుల మధ్య, ఎలకల మధ్య బతికే పేటల గోడు మొట్టమొదట అంత సూటిగా చెప్పింది ఆ పాటే. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ జట్టు పేరు మీద వచ్చింది గానీ ఫ్లాష్‌కి అది చేయడం ఇష్టం లేదు. ఇలాంటి దిగులు పాటకి ఎవరు గెంతుతారని జట్టువాళ్ళన్నారు. సిల్వియా పట్టుబట్టింది. చివరికి జట్టులో మెలీ మెల్ ఒక్కడూ, పాట మొదలుపెట్టిన డ్యూక్ బూటీ, ఇద్దరే పాడారు. 2002లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చిన మొట్టమొదటి హిప్ హాప్ పాట అదే.

బాబాయి: నా పక్క అంటున్నావు గానీ, ఇది విన్నాక నాకే ఎటూ పాలుపోవడం లేదు. కంపెనీ ఆవిడ పట్టుబట్టకపోతే మంచి పాటే రాదా?

బ్రిడ్జి దాటి క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీదికొచ్చాం. ఎప్పటిలాగే కార్లు కదలడం లేదు. ఈ రోడ్డు వేయడానికే వేలమంది కాపురాలు లేపేశారు, ఆ విరిగిన పేటల్లోంచే ఈ పాటలొచ్చాయి. ఆగిన కారులో కూర్చుని, దాచిపెట్టుకున్న నా అసలు సాక్ష్యం బయటికి తీశాను.

నేను: 1991 దాకా అమెరికాలో ఏ ఆల్బమ్ ఎంత అమ్ముడుపోయిందో ఎలా తెలిసేదో తెలుసా? బిల్‌బోర్డ్ పత్రికవాళ్ళు షాపుల్ని అడిగేవాళ్ళు. ఈ వారం ఏది బాగా పోయిందని. షాపు మేనేజరు చెప్పిందే లెక్క.

బాబాయి (నవ్వు ఆపుకోలేక): నన్నూ అడిగేవాళ్ళు! సినిమా పత్రిక కుర్రాడొకడు వారం వారం వచ్చేవాడు. "ఏది ఎక్కువ పోతోందండీ" అని. పోతున్నదాని పేరు నేనెందుకు చెప్తాను? అది ఎలాగూ పోతుంది. మిగిలిపోయినదాని పేరు చెప్పేవాణ్ణి. పేపర్లో పడితే కదులుతుందని.

నేను: ఇక్కడా అదే! కంపెనీ మనిషి మొహమాటం, షాపువాడి అంచనా, వీటన్నిటితో కలిపి తేలిన లెక్కలో రాక్ పాటలే పైన. నల్లవాళ్ళ పాటలు, పల్లెటూరి కంట్రీ పాటలు కింద. 1991 మేలో సౌండ్‌స్కాన్ వచ్చింది. అట్ట మీది గీతల్ని మిషను చదివి, అమ్మినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్క వేసుకుంటుంది. మనిషి నోటితో పనిలేదు. నెల తిరిగిందో లేదో, కాంప్టన్ కుర్రాళ్ళ జట్టు ఎన్.డబ్ల్యు.ఎ. ఆల్బమ్ ఒకటొచ్చింది. చిన్న కంపెనీ. రేడియోలు వాళ్ళ పాటలు వేసేవి కావు. ఎంటీవీ వాళ్ళ వీడియోని అంతకు ముందే కాదంది. అలాంటి ఆల్బమ్ మొదటివారమే రెండో స్థానంలో దిగింది. రెండో వారం ఒకటి! కొనేవాళ్ళు అంతకుముందు లేక కాదు బాబాయ్. తూకం మారింది. టాలెంటుని ఇండస్ట్రీ పుట్టించిందంటావు నువ్వు. అన్నేళ్ళూ అది కనబడకుండా అడ్డం నిలబడిందే ఇండస్ట్రీ.

ఆ ఆల్బమ్ పేరేమిటని ఆయన అడిగాడు. ఆయన ముందు ఆ పేరు పలకడానికి నాకు నోరు రాలేదు. కార్లు కాస్త కదిలాయి. ఆయన వేళ్ళతో డాష్‌బోర్డు మీద తడుతూ ఆలోచించాడు.

బాబాయి: ఇది గట్టి దెబ్బే. షాపువాణ్ణి కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది. సరే, తూకం సరైంది. కొత్త లెక్క చూసి కంపెనీలేం చేశాయి?

నేను: ...

బాబాయి: నేను చెప్తాను. 'సమరసింహారెడ్డి' ఆడింది 1999లో. ఆ తర్వాత నాలుగైదేళ్ళు మన సినిమాల్లో ఎన్ని సుమోలు గాల్లోకి లేచాయి? సీమ అంటే కత్తులే అయిపోయింది. అక్కడ వానల్లేక వలస పోయే రైతుల్లేరా, బళ్ళో పాఠం చెప్పే పంతుళ్ళు లేరా? ఉన్నారు. లెక్కలో రాలేదు. నీ కాంప్టన్ కుర్రాళ్ళ పాట నిజమైన బాధలోంచే వచ్చి ఉంటుంది, కాదనడానికి నేనెవర్ని? కానీ అది ఆడగానే, తుపాకీ పాటలే తెమ్మని వంద ఆర్డర్లు వెళ్ళి ఉంటాయి. తూకం బాగుంటే సరిపోదు. తూకానికి ఏ సరుకు తేవాలో చెప్పేవాడు వేరే ఉంటాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆయన మాటకి బలమిచ్చే కథే నా మనసులో మెదిలింది. అదీ ఆయనకి చెప్పేశాను. డి లా సోల్ అని లాంగ్ ఐలాండ్ కుర్రాళ్ళ జట్టు. 1989లో వాళ్ళ మొదటి ఆల్బమ్ '3 ఫీట్ హై అండ్ రైజింగ్' వచ్చింది. తుపాకీల్లేవు, బంగారు గొలుసుల్లేవు. పాత రికార్డుల్లోంచి పదుల కొద్దీ ముక్కలు ఏరి, దర్జీ దగ్గర మిగిలిన పేలికలతో బొంత కుట్టినట్టు కుట్టారు. ఆ ముక్కల హక్కుల కాగితాలు రికార్డులకీ క్యాసెట్లకీ మాత్రమే రాసుకున్నారు. ఇంటర్నెట్ వస్తుందని అప్పుడెవరికి తెలుసు? కంపెనీతో పేచీలు తోడై, వాళ్ళ ముఖ్యమైన ఆల్బమ్‌లు ఏ స్ట్రీమింగ్ యాప్‌లోనూ లేకుండా ఏళ్ళు గడిచిపోయాయి. ఫోన్లో పాటలు వింటూ పెరిగిన ఒక తరానికి ఆ జట్టు లేనట్టే. చివరికి 2023 మార్చి 3న వచ్చాయి. ముగ్గురిలో ఒకడైన ట్రూగాయ్ ఫిబ్రవరి 12న పోయాడు. మూడు వారాలు కూడా తేడా లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ రోజూ పట్టేసింది. బాబాయి అద్దం కాస్త దించి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

బాబాయి: ఆ పిల్లలకి టాలెంటు తక్కువా?

నేను: ఆ కాలంలో వాళ్ళని మించినవాళ్ళు అరుదు.

బాబాయి: మరి జనం వినలేదే?

నేను: వినడానికి లేకుండా చేశారు. ఇక్కడ నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. కానీ దీన్నిబట్టి జనాదరణ ఉన్నవాడికి టాలెంటు లేదని మాత్రం అనకు. టాలెంటు ఉన్నవాడికల్లా జనాదరణ రాదని తేలింది, అంతే. రెండూ ఒకటి కావు.

బాబాయి: ఇప్పుడు కంపెనీల అవసరం లేదంటారుగా, ఎవడింట్లో వాడు పాడి పెట్టేయచ్చని?

నేను: కొంత నిజం. లిల్ నాస్ ఎక్స్ అనే కుర్రాడు 30 డాలర్లకి ఇంటర్నెట్‌లో బీటు కొనుక్కుని 'ఓల్డ్ టౌన్ రోడ్' చేశాడు. పిల్లలు టిక్‌టాక్‌లో ఆడుకున్నారు. పాట ఎక్కడం మొదలయ్యాకే పెద్ద కంపెనీ వచ్చి సంతకం పెట్టించుకుంది. 2019లో 19 వారాలు ఒకటో స్థానంలో ఉంది. ఇంకోపక్క ఛాన్స్ అనే అతను ఏ కంపెనీలోనూ చేరనన్నాడు, 2017లో గ్రామీ కూడా గెలిచాడు. కానీ ఆ గ్రామీ తెచ్చిన ఆల్బమ్‌ని రెండు వారాలు తమ దగ్గరే ఉంచినందుకు యాపిల్ తనకి 5 లక్షల డాలర్లిచ్చిందని తనే చెప్పాడు.

బాబాయి: బాక్సు మారింది. ఆసామి మారాడు.

నేను: తూకం కూడా ఇంకా మారుతూనే ఉంది. మొన్న అక్టోబరులో బిల్‌బోర్డ్ టాప్ 40లో ఒక్క ర్యాప్ పాట కూడా లేదు, 1990 తర్వాత ఇదే మొదటిసారి. హిప్ హాప్ పనైపోయిందని అందరూ రాశారు. లోపల చూస్తే, పాత పాటలు ఎన్ని వారాలకి లిస్టులోంచి దిగిపోవాలో ఆ నియమం మార్చారు. దాంతో కెండ్రిక్ పాట ఒకటి దిగిపోయింది. కొత్త హిట్లు తగ్గిన మాటా నిజమే. ఎనిమిదేళ్ళ కిందట, 2017లో, అమెరికాలో జనం అన్నిటికన్నా ఎక్కువ విన్నది ఈ పాటలే.

హైవే దిగి సెడ్జ్‌విక్ అవెన్యూలోకి తిరిగాం. పద్దెనిమిది అంతస్తుల ఇటుకల అపార్టుమెంటు, పక్కనే హైవే రొద. తీర్థయాత్రకి వచ్చినట్టు వచ్చేవాళ్ళకి ఇక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. బాబాయి మంకీ క్యాపు కిందికి లాక్కుని తలెత్తి పై అంతస్తు దాకా చూశాడు.

నేను: 1973 ఆగస్టు 11న ఈ ఇంట్లో కింద అంతస్తు హాల్లో పార్టీ జరిగింది. జమైకా నుంచి వచ్చిన కుటుంబం. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, కూల్ హెర్క్ అంటారు, రికార్డులు వేశాడు. పాటలో గొంతు ఆగి డప్పులు మాత్రమే మోగే ముక్క వచ్చినప్పుడు జనం రెచ్చిపోతున్నారని కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయ్యేసరికి రెండోదాంట్లో అదే ముక్క మొదలుపెట్టేవాడు. అలా ఎంతసేపైనా లాగేవాడు. హిప్ హాప్ మొత్తం ఆ చేతి నేర్పులోంచి పుట్టింది. దానికి ఏ కంపెనీ ఉంది చెప్పు?

బాబాయి: పార్టీ పెట్టిందెవరు?

నేను: చెల్లెలు, సిండీ. బడి తెరుస్తున్నారు, కొత్త బట్టలకి డబ్బులు కావాలని. హాలు అద్దెకి తీసుకుంది. చిన్న కార్డుల మీద చేత్తో రాసి పంచారు. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50.

బాబాయి: హాలు మాట్లాడింది, కార్డులు పంచింది, టికెట్టు పెట్టింది. మొదటిరోజే ఉంది తల్లీ కంపెనీ! ఒకే ఇంట్లో ఉంది, అన్న చేతిలో రికార్డు, చెల్లెలి చేతిలో గల్లాపెట్టె. అయితే ఆ గల్లాపెట్టె గల పిల్ల ఆ అన్న మేలు కోరింది. మా కంపెనీ మనిషి నా మేలు గానీ, పాడినవాడి మేలు గానీ ఎప్పుడు కోరాడు?

నేను: ఇంకోటి చెప్తాను విను. హెర్క్ తన రికార్డుల మీది లేబుళ్ళు నీళ్ళల్లో నానబెట్టి ఊడదీసేవాడు. ఏ కంపెనీదో, ఎవరి పాటో పైకి కనబడేది కాదు. ఉత్త నల్లటి బిళ్ళ. పేరు లేదు, బొమ్మ లేదు, ప్రకటన లేదు. అయినా జనం ఆడారు. పాటలో ఉన్న సత్తువ కాకపోతే వాళ్ళని ఆడించింది ఏమిటి?

బాబాయి: ఎందుకు ఊడదీసేవాడు?

నేను: ఆ రికార్డు ఎవరిదో పక్క డీజేలకి తెలియకూడదని.

బాబాయి వెంటనే ఏమీ అనలేదు. రోడ్డు మీద రెండు బస్సులు పోయాయి.

బాబాయి: 1989లో ఉయ్యూరు తిరునాళ్ళప్పుడు ఒకతను వాళ్ళ అక్క పాడిన జానపదాల క్యాసెట్టు తెచ్చాడు. ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని పాడించినట్టుంది. వెనకాల కోళ్ళు కూడా వినిపిస్తున్నాయి. పది పీసులిచ్చాడు. మొహమాటానికి తీసుకున్నాను. ఒక్కరోజు ఖాళీగా ఉన్నప్పుడు లోపల సన్నగా పెట్టుకున్నాను, బయట బాక్సులో కూడా కాదు. రెండు రోజుల్లో పదీ పోయాయి. అట్ట మీద ఆవిడ పేరూ, ఊరూ ఉన్నాయి. ఎదురు షాపువాడు చూస్తే వాడూ తెప్పించుకుంటాడు కదా. నేనే ఆ అట్ట తీసేసి, బ్లాంక్ క్యాసెట్లలో ఎక్కించి, తెల్ల కాగితం పెట్టి అమ్మాను. ఆరు నెలలు ఆ పాటలు బెజవాడలో నా ఒక్కడి దగ్గరే దొరికాయి.

నేను: ఆవిడకి?

బాబాయి: మొదటి పది పీసుల డబ్బు. తమ్ముడు మళ్ళీ వచ్చి, "ఏమైనా పోయాయా అండీ" అని అడిగాడు. పోలేదన్నాను.

ఇంగిల్‌వుడ్ దగ్గర 'దొంగతనం' అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది. అది ఇద్దరికీ గుర్తుంది.

నేను: ఆవిడ పేరేంటి బాబాయ్?

బాబాయి: అట్ట మీద చదివాను తల్లీ. చదివే తీసేశాను.

చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో నేను పాటలు పెట్టలేదు. బ్రిడ్జి సగం దాటాక ఆయనే ఆ జానపదం పల్లవి ఎత్తుకున్నాడు. రెండో చరణంలో ఒక్క మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.